కనురెప్పలో గడ్డ: కాపడంతో కరిగేదెప్పుడు, కోయించవలసిందెప్పుడు

మీరు రాసిన వివరాలను ముందు ఒకసారి తిరిగి చెబుతాను, ఇదే ఇబ్బందితో ఉన్న మరొకరు చదివినా అర్థం కావాలి కనుక. మీకు ముప్పై నాలుగేళ్ళు, ఖమ్మంలో ఉపాధ్యాయురాలు. కుడి కంటి పై రెప్పలో ఆరు వారాల కిందట ఎర్రగా ఒక వాపు లేచింది. నాలుగైదు రోజులు నొప్పి పెట్టి, ఆ తరువాత నొప్పి పోయింది గానీ శనగ గింజంత గడ్డ మాత్రం అలాగే నిలిచిపోయింది. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు రెండు వారాలు వేసుకున్నారు. మీ అత్తగారు లవంగం అరగదీసి పెట్టమంటున్నారు. కంటి డాక్టరుగారు చిన్న కోత పెట్టి తీసేద్దామన్నారు, ఆ మాటకు మీరు భయపడ్డారు. చివరి వాక్యంలో, మీ నాన్నగారికి కూడా రెప్ప మీద ఇలాంటి గడ్డే ఉందనీ, రెండుసార్లు తీయించినా మళ్ళీ అక్కడే లేస్తోందనీ రాశారు. మీ గడ్డ గురించి నేను నిశ్చింతగానే ఉన్నాను. ఆ చివరి వాక్యం గురించి మాత్రం నిశ్చింతగా లేను, దాని దగ్గరికి చివర వస్తాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

మన ఇళ్ళలో రెప్ప మీద ఏది లేచినా కంటికురుపు అనే అంటాం. నిజానికి ఇందులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. అసలైన కంటికురుపు వెంట్రుక మొదట్లో ఉండే చిన్న గ్రంథిలో గానీ, రెప్ప లోపలి నూనె గ్రంథిలో గానీ బాక్టీరియా చేరి చీము పట్టడం వల్ల వస్తుంది. ఆ బాక్టీరియా ఎక్కువసార్లు స్టాఫిలోకోకస్ జాతిదై ఉంటుంది. అది ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి పెడుతుంది, తెల్లని మొన తేలుతుంది, సాధారణంగా వారం పది రోజుల్లో పగిలి మానిపోతుంది. రెండోది మీకు ఇప్పుడు ఉన్నది. దీన్ని కలేజియన్ అంటారు, కొందరు చీటీ మీద చూసి చలాజియన్ అని కూడా చదువుతారు. ఇది నొప్పి లేని గట్టి గడ్డ, వేలితో కదిపితే పైచర్మం దాని మీద జారుతుంది గానీ గడ్డ కదలదు, ఎందుకంటే అది చర్మంలో లేదు, రెప్ప లోపలి పలకలో ఉంది. గ్రీకు భాషలో ఈ మాటకు చిన్న వడగల్లు అని అర్థం. రెప్పను తిరగేసి చూసినవారికి ఆ పేరు ఎంత సరిగ్గా పెట్టారో తెలుస్తుంది. మీకు మొదట కురుపులా మొదలై తరువాత గడ్డగా మిగిలినట్టుంది, అలా జరగడం చాలా మామూలు.

గడ్డ ఎలా పుడుతుందో తెలిస్తే వైద్యం ఎందుకు అలా చేయాలో మీకే అర్థమవుతుంది. పై రెప్పను రెండు వేళ్ళతో పట్టి చూస్తే లోపల కాస్త గట్టిగా, వంగే గుణమున్న పలక ఒకటి తగులుతుంది. పై రెప్పలో ఇది సుమారు 10 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, కింది రెప్పలో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఈ పలకలో నిలువుగా, పక్కపక్కనే పేర్చినట్టుగా నూనె గ్రంథులుంటాయి. పై రెప్పలో 25 నుంచి 40 వరకు, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉంటాయి. 1666లో వీటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిక్ మైబోమ్ పేరు మీద వీటిని మైబోమియన్ గ్రంథులంటారు. వీటి నోళ్ళు వెంట్రుకల వరుసకు వెనుక, రెప్ప అంచు మీద సూదిమొనంత చుక్కల్లా కనిపిస్తాయి. మనం రెప్ప వేసిన ప్రతిసారీ ఆ పలక నొక్కుకుని, ఒక్కో గ్రంథి నుంచి రవ్వంత నూనె బయటికి వచ్చి కన్నీటి పైన పలుచని పొరలా పరుచుకుంటుంది. ఆ పొర లేకపోతే కన్నీరు క్షణాల్లో ఆవిరైపోయి కన్ను మండుతుంది.

ఆ నూనె ఆరోగ్యంగా ఉన్నప్పుడు పల్చగా ఉండి, మన రెప్ప వెచ్చదనానికే కరిగి జారుతుంది. ఏదో కారణం చేత దాని గుణం మారి చిక్కబడితే, చలికాలం పొద్దున గిన్నెలో పేరిన నెయ్యిలా గ్రంథి గొట్టంలోనే గడ్డకడుతుంది. నోరు మూసుకుపోయినా వెనుక గ్రంథి నూనె చేస్తూనే ఉంటుంది. ఒత్తిడికి గ్రంథి గోడ తెగి ఆ నూనె చుట్టూ ఉన్న కణజాలంలోకి కారుతుంది. తన చోట తానున్నంత కాలం ఆ నూనెను పట్టించుకోని శరీరం, అది చోటు తప్పిన మరుక్షణం దాన్ని బయటి వస్తువుగా చూసి, కణాలను పంపించి చుట్టూ కోట కడుతుంది. ఆ కోటే మీ చేతికి తగులుతున్న గడ్డ. ఇందులో సూక్ష్మజీవుల పాత్ర లేదు కనుక యాంటీబయాటిక్ మాత్రలు, చుక్కలు దీన్ని కరిగించవు. మీరు వేసుకున్న చుక్కలు పని చేయకపోవడానికి కారణం ఇదే, తప్పు మీది కాదు. ఇది అంటుకునే జబ్బు కూడా కాదు. కళ్ళకలకలాగా పిల్లలకు వస్తుందని బడి మానవలసిన పని లేదు.

మీ ఇంట్లోనూ ఈ మాట అనే ఉంటారు: వేడి చేసింది, అందుకే లేచింది అని. ఆ నమ్మకంతో చాలామంది గడ్డ మీద చన్నీళ్ళ గుడ్డ వేస్తారు, నందివర్ధనం పూలు పెట్టుకుంటారు, కీరదోస ముక్కలు పెట్టుకుంటారు. కళ్ళకు హాయిగా ఉంటుందంటే కాదనను. కానీ పేరిన నెయ్యిని చన్నీళ్ళలో పెడితే ఏమవుతుందో ఆ గ్రంథిలోని నూనెకూ అదే అవుతుంది. దానికి కావలసింది వేడి. అరచేతిలో వేలు రాపాడించి ఆ వెచ్చటి వేలిని రెప్ప మీద అద్దే అలవాటు మన పెద్దవాళ్ళకు ఉండేది. దారి సరైనదే, కానీ వేలి వేడి రెండు క్షణాలు నిలవదు, వేలి మురికి మాత్రం రెప్పకు అంటుతుంది. లవంగం విషయంలో మీ అత్తగారికి నా మాటగా నచ్చజెప్పండి. లవంగ నూనె ఘాటైనది, ఒక్క రవ్వ కంట్లోకి జారినా నల్లగుడ్డు పైపొర కాలుతుంది. సానరాయి మీద అరగదీసిన గంధం ఎండి పొడిగా రాలి కంట్లో పడడం నేను చాలాసార్లు చూశాను. చనుబాలు పిండడం, ఆముదం వేయడం కూడా వద్దు.

ఇక కాపడం. మీరు డాక్టరుగారు చెప్పారని నాలుగు రోజులు వేడినీళ్ళ గుడ్డ పెట్టాను, ఉపయోగం లేదు అని రాశారు. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇదే చెబుతారు, చేసి చూపించమంటే అప్పుడు తెలుస్తుంది లోపం ఎక్కడుందో. చేతిరుమాలును వేడినీళ్ళలో ముంచి, పిండి, కంటి మీద వేసుకుని, అది చల్లారిపోయాక కూడా పది నిమిషాలు అలాగే పడుకుంటారు. తడి గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారుతుంది, ఆ మిగిలిన ఎనిమిది నిమిషాలు పెట్టింది చన్నీళ్ళ గుడ్డే. రెప్ప దాదాపు 40 డిగ్రీల వెచ్చదనంలో కనీసం ఐదు నుంచి పది నిమిషాలు ఉంటేనే లోపలి నూనె మెత్తబడుతుంది. కనుక ఇలా చేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. నాలుగు చిన్న నూలు గుడ్డలు, మూత ఉన్న గిన్నెలో వేడినీళ్ళు దగ్గర పెట్టుకోండి. గుడ్డను నాలుగు మడతలు చేసి ముంచి పిండి, ముందు మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోండి, పసిపిల్ల స్నానపు నీళ్ళంత వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. కళ్ళు మూసుకుని రెప్ప మీద వేసుకుని, ఒత్తకుండా ఉంచి, నిమిషంన్నర కాగానే మరో గుడ్డ మార్చండి. తడి గుడ్డతో విసుగనిపిస్తే రెండు గుప్పెళ్ళ పొడి బియ్యాన్ని మెత్తని శుభ్రమైన గుడ్డలో మూట కట్టి, పెనం మీద సన్నని మంటన వేడిచేసి వాడండి, దానికి వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే మూటలో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాలుతుంది కనుక బాగా కుదిపి, మణికట్టు మీద చూసుకున్నాకే కంటికి తేవాలి. రెప్ప చర్మం ఒంటి మీద ఉన్న చర్మాలన్నిటిలోకీ పల్చనిది, కాలితే మచ్చ పడుతుంది.

కాపడం తీసిన వెంటనే, నూనె మళ్ళీ పేరుకోకముందే, మర్దన చేయాలి. మీది పై రెప్ప కనుక కిందికి చూస్తూ, కళ్ళు మూసుకుని, చూపుడు వేలి మెత్తతో పై నుంచి కిందికి, వెంట్రుకల వైపుకు మెల్లగా జార్చండి. కింది రెప్ప అయితే కింది నుంచి పైకి జార్చాలి. ఎటైనా గ్రంథి నోటి వైపుకే నెట్టాలన్నది గుర్తుంచుకుంటే చాలు. గడ్డను పిండకూడదు, కనుగుడ్డు మీద ఒత్తకూడదు, సూదితో గుచ్చడం మాట అసలు తలవకూడదు. తరువాత గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల బేబీ షాంపూ కలిపి, తడిపిన దూదితో రెప్ప అంచును, వెంట్రుకల మొదళ్ళను తుడిచి, మంచినీళ్ళతో కడిగేయండి. ఇదంతా రోజుకు మూడు సార్లు, బడి ఉన్న రోజుల్లో కనీసం పొద్దున, రాత్రి రెండు సార్లు, నాలుగు నుంచి ఆరు వారాలు చేయాలి. మొదటి వారం ఏ మార్పూ కనిపించదు, అక్కడే అందరూ మానేస్తారు. మూడో వారంలో గడ్డ మెత్తబడినట్టు, తరువాత చిన్నబడినట్టు తెలుస్తుంది. ఆరు వారాల గడ్డ కనుక తప్పకుండా కరుగుతుందని మాట ఇవ్వలేను, గడ్డ పాతబడే కొద్దీ చుట్టూ పీచు కట్టి మొండికేస్తుంది. అయినా మీరు ఇంతవరకు సరైన కాపడం పెట్టనే లేదు కాబట్టి, దానికి ఒక నెల ఇవ్వడం న్యాయం.

మీరు వాడిన చుక్కల సీసా మీద పేరు ఏముందో ఒకసారి చూడండి. అందులో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి పేరు ఉంటే అది స్టెరాయిడ్. వేసుకున్న రోజు ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది కాబట్టి దాన్ని మంచి మందనుకుని నెలల తరబడి వేసుకునేవారున్నారు. అలా వాడితే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి, శుక్లం కూడా వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. రెండు వారాలకే భయపడవలసిన పని లేదు గానీ ఇకపై డాక్టరు రాయకుండా ఒక్క చుక్క కూడా వేసుకోవద్దు. డాక్టరుగారికి చూపించేటప్పుడు ఆ సీసాను కూడా తీసుకువెళ్ళండి.

నెల తరువాత కూడా గడ్డ అలాగే ఉంటే, లేదా ఇప్పటికే అది నల్లగుడ్డును ఒత్తి చూపు మసకబారుతుంటే, మీ డాక్టరుగారు చెప్పిన కోతే సరైన దారి. ఆయన చెప్పింది తప్పు కాదు, వేళ ఒక్కటే కాస్త ముందు. మీ భయం పోవాలంటే లోపల ఏం చేస్తారో తెలియాలి. మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టి, కంట్లో మత్తు చుక్కలు వేసి, రెప్పలో సన్నని సూదితో మత్తుమందు ఎక్కిస్తారు. ఆ సూది నొప్పి పెడుతుంది, పెట్టదని చెప్పను, కానీ అర నిమిషంలో పోతుంది, ఆ తరువాత ఒత్తిడి తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. చిన్న ఉంగరం లాంటి పట్టకారుతో రెప్పను పట్టి తిరగేసి, లోపలి వైపు నుంచి నిలువుగా ఒక చిన్న గాటు పెడతారు. పక్క గ్రంథులు తెగకూడదనే నిలువుగా పెడతారు. చిట్టి గరిటె లాంటి పరికరంతో లోపలి జిగురు పదార్థాన్ని గీకి తీసేస్తారు. కుట్లు అవసరం ఉండవు. బయట చర్మం మీద మచ్చ పడదు. అంతా పది పదిహేను నిమిషాల పని. కొన్ని గంటలు కంటికి కట్టు ఉంటుంది కనుక ఆ రోజు బండి నడపకూడదు, తోడు ఒకరిని తీసుకువెళ్ళండి. మొదటి రోజు కన్నీటిలో రక్తపు చార కనిపించవచ్చు, వారం పాటు రెప్ప కమిలి ఉండవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందే చెప్పాలి. కోత బదులు గడ్డలోకి స్టెరాయిడ్ సూది ఇచ్చే పద్ధతి కూడా ఉంది, కొందరికి బాగా పని చేస్తుంది. అయితే మన చర్మపు రంగు మీద సూది వేసిన చోట తెల్లని మచ్చ పడే అవకాశం ఉంది, ముఖం మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కనుక ఆ సంగతి అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

కరిగినా, తీయించినా, మరో గ్రంథి మూసుకుంటే మరోచోట ఇంకొకటి రావచ్చు. మీరు రోజూ కాటుక పెట్టుకుంటానన్నారు. వెంట్రుకలకు బయట పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు, కానీ రెప్ప లోపలి అంచున, సరిగ్గా ఆ ముప్పై గ్రంథుల నోళ్ళ మీద దిద్దుకుంటే ప్రతిరోజూ వాటికి మూతలు పెట్టినట్టే. గడ్డ ఉన్నన్నాళ్ళు పూర్తిగా మానండి, ఆ తరువాత పెట్టుకున్నా రాత్రి తుడవకుండా పడుకోవద్దు, కాటుక భరిణె ఇంకొకరితో పంచుకోవద్దు. తలలో చుండ్రు ఉంటే దానికీ వైద్యం చేయించుకోండి, తల మీద చుండ్రు, రెప్ప అంచున పొట్టు, ఈ రెండూ ఒకే కుటుంబానివి. మాటిమాటికీ అసలైన చీము కురుపులు లేచేవారు ఒకసారి చక్కెర పరీక్ష చేయించుకోవడం మంచిది. చిన్నపిల్లల్లో పెద్ద గడ్డ నల్లగుడ్డును ఒత్తితే ఆ కంటి చూపు సరిగా ఎదగకుండా పోవచ్చు, కాబట్టి వాళ్ళ విషయంలో నెలల తరబడి వేచి చూడకూడదు. ఎవరికైనా సరే రెప్ప అంతా ఉబ్బి ఎర్రబడి జ్వరం వస్తే, కన్ను తిప్పితే నొప్పి పెడితే, కన్ను ముందుకు పొడుచుకు వస్తే, ఒకటి రెండుగా కనిపిస్తే, కాపడాలు ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఆయనకు అరవై దాటాయి. గడ్డ రెండుసార్లు తీయించినా అదే చోట మళ్ళీ లేచింది. ఈ రెండు విషయాలూ కలిస్తే కంటి వైద్యుడు దాన్ని కలేజియన్ అని సరిపెట్టుకోకూడదు. మనం ఇంతసేపు చెప్పుకున్న ఆ నూనె గ్రంథులలోనే పుట్టే క్యాన్సర్ ఒకటుంది. అది మొదట్లో అచ్చం కలేజియన్ లాగే, నొప్పి లేకుండా, గట్టిగా, నెమ్మదిగా పెరుగుతుంది. కొన్నిసార్లు గడ్డే లేకుండా ఒక్క కంటికే మానని ఎరుపులా కనిపించి మోసం చేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ఇది అరుదు, అక్కడ రెప్పల క్యాన్సర్లలో వేరే రకమే ఎక్కువ. మన దేశంలో మాత్రం రెప్పల క్యాన్సర్లలో దీని వాటా పెద్దది. పై రెప్పలో గ్రంథులు ఎక్కువ కనుక అక్కడే ఎక్కువగా వస్తుంది.

చాలా ఏళ్ళ కిందట ఒక రైతు నా దగ్గరికి వచ్చారు. వేరేచోట రెండుసార్లు గీకించుకున్నారు, రెండుసార్లూ లోపలి పదార్థాన్ని పరీక్షకు పంపలేదు. నేను భూతద్దంతో చూసేసరికి గడ్డ ఉన్న మేర అంచున నాలుగు మిల్లీమీటర్లు వెంట్రుకలు లేవు. చుట్టూ నిండుగా ఉన్నాయి, అక్కడ మాత్రం నున్నగా, కాస్త పసుపు రంగులో మెరుస్తోంది. వెంట్రుకలు ఎప్పుడు ఊడాయని అడిగితే ఆయనా గమనించలేదు, ఇంట్లోవాళ్ళూ గమనించలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే, ఆ ముక్క పరీక్షలో (బయాప్సీలో) క్యాన్సర్ అని తేలింది. అప్పటికింకా చెవి ముందరి లింఫు గ్రంథులకు పాకలేదు కనుక రెప్పలో ఆ భాగాన్ని తీసి, మళ్ళీ రెప్పను కట్టి, కన్నును కాపాడగలిగారు. ఇంకా ఆలస్యమైతే కనుగుడ్డును కూడా తీసేయవలసిన పరిస్థితి వస్తుంది.

మీ నాన్నగారిది అదేనని నేను అనడం లేదు, చూడకుండా ఎవరూ అనలేరు, మామూలు కలేజియన్ కూడా ఒక్కోసారి పూర్తిగా గీకకపోతే అదే చోట తిరిగి వస్తుంది. కానీ తేల్చుకోవడానికి దారి ఒక్కటే, ముక్క పరీక్ష. ఇవాళ పగటి వెలుతురులో ఆయనను కూర్చోబెట్టి చూడండి: గడ్డ దగ్గర వెంట్రుకలు ఊడాయా, రెప్ప అంచు గీత చెదిరిందా, పుండు పడిందా, పసుపుగా ఉందా, చెవి ముందర గానీ దవడ కింద గానీ బిళ్ళ కట్టిందా. ఇందులో ఏదీ లేకపోయినా వెళ్ళవలసిందే, ఉంటే ఈ వారంలోనే వెళ్ళాలి. పాత ఆపరేషన్ల కాగితాలు వెతికి, వాటిలో ముక్క పరీక్ష రిపోర్టు ఉందో లేదో చూసి వెంట పెట్టుకోండి. హైదరాబాద్‌లో మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి క్యాన్సర్లకు ప్రత్యేక విభాగమే ఉంది. ఎక్కడికి వెళ్ళినా డాక్టరుగారితో ఈ రెండు మాటలు మీరే చెప్పండి: ఇది అదే చోట మూడోసారి వచ్చింది, ఈసారి తీసినదాన్ని పరీక్షకు పంపండి. అప్పటిదాకా ఆయన గడ్డకు కాపడం, మర్దన వద్దు. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.